‘ఏం రాలే’ ఎలా పుట్టిందంటే

పదకొండేళ్లుగా ఒక మాటను లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. రెండే రెండు పదాల మాట. అన్నప్పుడు దాని బరువు తెలియలేదు. ఏడాదికేడాదీ పెరుగుతూ వచ్చింది. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. మా పాటలు విన్నవాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి.

తప్పు చెప్పే ముందు మా బ్యాండు గురించి చెప్పాలి. గొప్పలు పోతోందని మీకు అనిపించవచ్చు. నిజమే, పోతున్నాను. మా బ్యాండు గురించి తల దించుకుని మాట్లాడటం నాకు చేతకాదు. నా చిక్కంతా అక్కడే ఉంది.

మేం ముగ్గురం. నాది మర్పల్లి. చిన్నప్పుడు మా చర్చిలో కీబోర్డు నేర్చుకున్నాను, ఇప్పుడు వికారాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో సంగీతం చెబుతున్నాను. గౌస్ భాయ్‌ది తాండూరు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది, గిటారు వాయిస్తాడు. మల్లేశ్‌ది కుల్కచర్ల దగ్గర పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. బీరప్ప పండుగల్లో తండ్రి పక్కన నిలబడి డోలు కొట్టి పెరిగాడు. నాకంటే ఏడేళ్లు చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. డ్రమ్స్ అతనికి ఎవరూ నేర్పలేదు. మొదటిసారి వాటి ముందు కూర్చున్నప్పుడు కాసేపు ఊరికే చూశాడు. తర్వాత, ఎప్పటినుంచో తెలిసిన మనిషిని పలకరించినట్టు వాయించాడు.

ముగ్గురం ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కలిశాం. సినిమా పాటలు వాయించి వాయించి విసుగెత్తింది. తాండూరులో గౌస్ భాయ్ మేనమామకు బండలు పాలిష్ పట్టే షెడ్డు ఒకటి మూతపడి ఉండేది. ఆదివారం చర్చి అయ్యాక నేను వికారాబాద్‌లో ప్యాసింజర్ ఎక్కేదాన్ని. మల్లేశ్ బస్సులో వచ్చేవాడు. ఆ షెడ్డులో ఎంత ఊడ్చినా తెల్లటి రాతిపొడి పోయేది కాదు, కీబోర్డు మెట్ల సందుల్లోకి దూరేది. పేరు ఏం పెట్టాలని తర్జనభర్జన పడుతుంటే గౌస్ భాయ్ తేల్చేశాడు. “బ్యాండ్ అని చెప్పినా మనోళ్లు బండ అనే అంటరు. గదే పెట్టుకుందాం.” అలా మేం ‘బండ’ అయ్యాం.

మా మొదటి ఆల్బం ఇప్పుడు వింటే సిగ్గేస్తుంది. ఏడు పాటలు, అన్నీ నాలుగేసి నిమిషాలు, అన్నిట్లోనూ గిటారు మోత. నిశ్శబ్దమంటే భయపడే వాళ్ల సంగీతం అది. కానీ చివరి పాట సాధన చేస్తున్న ఒక మధ్యాహ్నం మల్లేశ్ డ్రమ్స్ వదిలేసి డోలు అందుకున్నాడు. ఏడు దెబ్బల నడక. మేం నాలుగుకు అలవాటుపడ్డవాళ్లం. గౌస్ భాయ్ రెండుసార్లు తప్పాడు, నేను నాలుగుసార్లు తప్పాను. అయిదోసారికి ముగ్గురం కలిశాం. ఆ రోజు మా మొహాలు మీరు చూడాల్సింది.

అప్పటినుంచి పల్లవి, చరణం అనే లెక్క వదిలేశాం. పాట ఎంతసేపు కావాలంటే అంతసేపు. పక్క యూనిట్‌లో రాయి కోసే మిషన్ చప్పుడు రికార్డు చేసి, దాని శ్రుతికి కీబోర్డు కలిపాను. దీన్ని ఆర్ట్ రాక్ అంటారని హైదరాబాద్‌లో ఎవరో రాస్తే చదివి తెలుసుకున్నాం.

ఇక అసలు సంగతి.

ఆ రోజుల్లోనే బెంగళూరులో ఒక పెద్ద బ్యాండు, పేరు చెప్పను, విదేశాల్లో ఏడాదిపాటు కచేరీలు చేయడానికి పల్లె వాద్యాలు తెలిసిన డ్రమ్మర్ కోసం వెతుకుతోందని తెలిసింది. చెప్పింది గౌస్ భాయే. మల్లేశ్ నా దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో ఉత్తరం రాసిపెట్టమన్నాడు. రాశాను. మనస్ఫూర్తిగానే రాశాను, అది మాత్రం నమ్మండి. అతను వాయించిన మూడు నిమిషాల ముక్క జతచేసి మా బ్యాండు మెయిల్ నుంచి పంపాను. ఆ మెయిల్ చూసేది నేనొక్కదాన్నే.

ఎనిమిదో రోజున జవాబు వచ్చింది. బళ్లో మధ్యాహ్నం భోజనాల వేళ, స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని చదివాను. ఇలాంటి చేతిని చాలా ఏళ్ల తర్వాత విన్నామని రాశారు. ముందు రెండు వారాలు తమతో కలిసి వాయించడానికి వెంటనే రమ్మన్నారు. తిరుగు జవాబు నేనే రాశాను. ఇంటి పరిస్థితుల వల్ల మల్లేశ్ రాలేడు, మన్నించండి అని. పంపాను. వచ్చినదాన్నీ, పంపినదాన్నీ రెండింటినీ తీసేశాను. తర్వాతి పీరియడ్ బెల్లు కొట్టేలోపు అంతా అయిపోయింది. క్లాసుకు వెళ్లి పిల్లలతో ప్రార్థన గీతం పాడించాను.

ఎందుకు చేశాను? బ్యాండు కోసమని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అతను వెళ్తే మేమిద్దరం మళ్లీ పెళ్లి పందిళ్లలో తేలతామని, అప్పుడప్పుడే చేతికి చిక్కిన సంగీతం జారిపోతుందని భయపడ్డాను. అది నిజమే. కానీ అంతేనా? ఆ మెయిల్‌ను నేను రెండోసారి చదివింది అందులో కీబోర్డు గురించి ఒక్క మాటైనా ఉందేమోనని. మా ఆల్బం కూడా విన్నామని వాళ్లు రాశారు. నా గురించి ఒక్క ముక్క లేదు. ఆ వెతుకులాట గుర్తొస్తే నా మొహం నేను చూసుకోలేను.

ఆ ఆదివారం షెడ్డులో మల్లేశ్ డోలు తాళ్లు బిగిస్తూ అడిగాడు.

“అక్కా, గా బెంగళూరోళ్ల నుంచి ఏమన్న వచ్చిందా?”

“ఏం రాలే.”

“జర మంచిగ సూడక్కా. ఒక్కోసారి వేరే దిక్కు పడ్తయంట గదా.”

“అన్ని సూసిన మల్లేశ్. ఏం రాలే.”

అతను తాడు ముడి వేసి, విప్పి, మళ్లీ వేశాడు. “సరె తియ్. నా కొట్టుడు గంత మంచిగ లేకుండొచ్చు.”

ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. కనీసం మంచిగుందని అయినా చెప్పి ఉండవచ్చు. కీబోర్డు ఆన్ చేశాను.

మూడు నెలల్లో ఇంకో నాలుగుసార్లు అడిగాడు. తర్వాత మానేశాడు. ఆ తర్వాతే అతనిలోంచి ఆ పాట వచ్చింది. డోలు ఎడమవైపు ఒక్క దెబ్బ. ఆగడం. చెవి పెట్టి వినడం. మళ్లీ ఒక దెబ్బ. తలుపు తట్టి, లోపలివాళ్లు లేస్తారేమోనని నిలబడినట్టు. ఆగే చోట మేం వాయించబోతే వద్దన్నాడు. ఆ ఖాళీని ఖాళీగానే ఉంచమన్నాడు. ఇరవై మూడు నిమిషాల పాట. చివరి అయిదు నిమిషాల్లో గౌస్ భాయ్ గిటారు మీద వయొలిన్ కమాను లాగితే వచ్చిన ఏడుపులాంటి స్వరం, దాని కింద నేను పట్టుకున్న ఒకే ఒక్క శ్రుతి. మాటలు లేవు. పేరు మల్లేశే పెట్టాడు. ‘ఏం రాలే’.

నా అబద్ధం పెద్ద అక్షరాలతో పోస్టర్ల మీదికి ఎక్కింది. విలేకరులు ఆ పేరుకు అర్థం అడిగితే నేనే జవాబు చెప్పేదాన్ని. వానకోసం చూసే రైతు అనేదాన్ని. కబురు కోసం చూసే తల్లి అనేదాన్ని. బాగా చెబుతానని నాకు పేరు కూడా వచ్చింది.

మా ఎదుగుదల అంతా ఆ పాట నుంచే. దాని వల్ల నిశ్శబ్దమంటే భయం పోయింది. తర్వాతి ఆల్బంలో పెద్దేముల్ దగ్గర కందిచేలల్లో కూలికి వచ్చే ఆడవాళ్ల పాటలు తీసుకున్నాం. సరిహద్దు అవతలినుంచి వచ్చినవాళ్లు కన్నడంలో ఎత్తుకుంటే, మనవాళ్లు తెలుగులో అందుకునేవారు. ఆ రెండు గొంతుల మధ్య గిటారును దాదాపు కనిపించకుండా చేశాడు గౌస్ భాయ్. మొన్నటి ఆల్బం మొత్తాన్ని పాత రాతిగనిలోకి దిగి రికార్డు చేశాం. గోడ నుంచి తిరిగొచ్చే ధ్వనిని కూడా నాలుగో మనిషిగా లెక్కేసి స్వరాలు రాశాను. అలాంటి పని ఈ దేశంలో ఎవరైనా చేశారేమో నాకు తెలియదు. చేసి ఉంటే వాళ్లకు దండం పెడతాను. ఇంతవరకు నాకు కనిపించలేదు. మూతపడ్డ షెడ్డులోంచి ముగ్గురం ఇక్కడిదాకా నడిచొచ్చాం. ఇది రాస్తుంటే కూడా వెన్ను నిటారుగా అవుతోంది, ఏం చేయను?

నేను ఆ మెయిల్ తీసేయకపోతే ఇదేదీ లేదు. ఎన్నోసార్లు అలా అనుకుని తప్పును కాస్త పక్కకు జరిపాను. కానీ అతను వెళ్లి ఉంటే ఏ సంగీతం పుట్టేదో నాకు తెలుసా? అది వినే అవకాశం అందరికీ లేకుండా చేసింది నేనే కదా. పోనీ సంగీతం సంగతి వదిలేద్దాం. తన చేయి చాలదని ఒక మనిషి పదకొండేళ్లు నమ్మాడు. ప్రతి కచేరీ అయ్యాక “మంచిగొచ్చిందా అక్కా?” అని అడుగుతాడు. చప్పట్లు ఇంకా ఆగకముందే అడుగుతాడు. ఎందుకు అడుగుతాడో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు.

పోయిన ఏడాది బెంగళూరులో మా కచేరీ జరిగింది. అయ్యాక తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన వేదిక వెనక్కి వచ్చారు. ఆ పెద్ద బ్యాండు ఆయనదే. మల్లేశ్‌ను ఒకసారి కలవాలని, ఒకప్పుడు పిలిచినా రాలేకపోయాడని నాతో అన్నారు. మల్లేశ్ పది అడుగుల దూరంలో, తెర వెనకే, వైర్లు చుడుతున్నాడు. భోజనానికి వెళ్లిపోయాడని చెప్పాను. ఆలోచించుకునే అవసరం కూడా రాలేదు, నోరు దానంతటదే చెప్పేసింది.

అప్పటిదాకా నేను ఒకసారి తప్పు చేశాననుకునేదాన్ని. రోజూ చేస్తున్నానని ఆ రోజు తెలిసింది.

అయినా మరో ఏడు నెలలు పట్టింది నాకు. మొన్న కంది కోతలు అయ్యాక కుల్కచర్ల బస్సెక్కాను. మల్లేశ్ ఇప్పటికీ అన్నతో కలిసి గొర్రెలు చూసుకుంటాడు. కోసిన చేలో మంద మేస్తోంది. నన్ను చూసి పరుగున వచ్చాడు, ఏదో కచేరీ కుదిరిందని చెప్పడానికి వచ్చాననుకున్నాడు. ఎండలో నిలబడే చెప్పాను. మెయిల్, జవాబు, తీసేయడం, తెర దగ్గరి అబద్ధం, కీబోర్డు గురించి నేను వెతుక్కోవడం, అన్నీ చెప్పాను.

అంతా విని ఒక్కటే అడిగాడు. “రమ్మన్నరా నన్ను?”

“రమ్మన్నరు.”

“ఎన్ని దినాలకు?”

“ఎనిమిది దినాలకే.”

“ఎనిమిది దినాలకే,” అని తనలో తాను అన్నాడు. అతని ముఖంలో కోపం వస్తుందని చూశాను. రాలేదు. ఏదో వెలిగినట్టు అయింది, అది వెంటనే మరోలా మారిపోయింది. దానికి పేరు పెట్టలేను. పాటలు రాసేదాన్ని, అయినా పెట్టలేను. “పో అక్కా, బస్సు పోతది మల్ల” అని మంద వైపు నడిచాడు.

రెండు ఆదివారాలు గడిచాయి. మల్లేశ్ షెడ్డుకు రాలేదు. మొదటి ఆదివారమే గౌస్ భాయ్‌కి కూడా చెప్పాను. మొహం తిప్పుకుని గిటారు పెట్టెలో పెట్టేశాడు. ‘బండ’ ఉంటుందో లేదో తెలియదు. వాళ్లు వెళ్లిపోతే ఆపే హక్కు నాకు లేదు, ఒకసారి ఆపినదాన్ని. చేసిన సంగీతం మాత్రం ఉంటుంది. దాన్ని చూసి గర్వపడటం మానమంటే మానలేను. దాని అడుగున ఏముందో మరిచిపోలేను. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ఇకముందు అలాగే పక్కపక్కన ఉంటాయి కాబోలు.

చెప్పడం వల్ల అతనికి ఏం ఒరిగింది? పోయిన ఏళ్లు తిరిగిరావు. ఇన్నాళ్లూ నేను మోసినదాన్ని అతని మీద కూడా పెట్టి వచ్చాను. అతను మంద దగ్గర ఏం ఆలోచిస్తున్నాడో తెలియదు. నన్ను క్షమించమని అతన్ని అడగలేదు, మిమ్మల్నీ అడగడం లేదు.

కానీ ఆ బస్సులో తిరిగి వస్తున్నప్పుడు నాకు తేలిగ్గా అనిపించింది. ఇప్పుడూ తేలిగ్గానే ఉంది. అది కూడా ఒప్పుకుంటున్నాను.