గోంగూరకు నేను కొట్టిన మందు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి! ఒక్క తన్నుతో పాతికమంది ప్రాణాలు కాపాడినవాణ్ణి నేను. ఏ యుద్ధంలోనో కాదు, నరసరావుపేటలో, మా వీధిలో, పట్టపగలు.

ఎనభైల నాటి మాట. మా ఇంటి ముందు ఎదగని కానుగచెట్టొకటి, దాని చుట్టూ మునిసిపాలిటీవాళ్లు కట్టి వదిలేసిన పెద్ద పాదు. వీధి చెత్తంతా దాంట్లోనే. ఐదిళ్లవాళ్లం కలిసి దాన్ని బాగుచేశాం. నేను పారతో ఒక్క పోటు పొడిస్తే పాతాళం కనపడింది. మిగతా తవ్వకం వాళ్లు చేశారనుకోండి. గోంగూర వేశాం. తొలికోత అందరం ఒకే బంతిలో కూర్చుని తినాలని ఒప్పందం.

మొక్క మోకాలెత్తు వచ్చేసరికి ఆకుకు పేను పట్టింది. మీటింగు పెట్టాం. ఎదురింటి మస్తానమ్మ బూడిద చల్లుదామంది.

"బూడిదేంది! పత్తిలో ఇంతకన్నా మొండి పురుగును చంపినోణ్ణి. నేను మందు కొడతా" అన్నాను.

"తినే ఆకుకు పత్తిమందా? మతి పోయిందా బాబాయ్?" అందామె. అందరూ నవ్వారు.

అంతమందిలో నన్ను! వారం ఓర్చుకున్నాను. ఒకనాడు తెల్లవారకముందే ఇంట్లో మిగిలిన పత్తిమందు కలిపి, స్ప్రేయరు భుజానికెత్తుకుని ఆ కటిక చీకట్లోనే కొట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. కోతకు ఇంకా చానా రోజులున్నాయి, ముందు పేను చావనీ, అప్పుడు చెప్పి ముక్కున వేలేయిద్దామని. కొట్టి, స్నానం చేసి, సత్తెనపల్లిలో పనుంటే ఫస్టు బస్సెక్కాను.

మధ్యాహ్నం తిరిగొచ్చి వీధి మలుపు తిరిగానో లేదో, గుప్పున గోంగూర పప్పు వాసన!

మా గోడ నీడన విస్తళ్లు పరిచి ఉన్నాయి. ఐదిళ్ల జనం, పిల్లాజెల్లా అందరూ బంతిలో కూర్చున్నారు. పక్కింటి నాగయ్య తాత అప్పటికే తినేసి త్రేన్చాడు.

"తినొద్దు!" అని అరిచాను.

"ఎందుకయ్యా? నువ్వొచ్చేదాకా ఆగుదామంటే మీ ఆవిడే అక్కర్లేదంది" అన్నాడు తాత.

చెబితే ఆ వీధిలో ఇక తలెత్తలేను. చెప్పకపోతే? మా ఆవిడ ముద్ద కలిపి నోటి దాకా ఎత్తింది. అంతే! ఒక్క దూకు దూకి ఆమె చేతిమీద కొట్టాను. ఆ ఊపులోనే పప్పు గుండిగను తన్నాను. అది దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది.

"పత్తిమందు! తెల్లారి నేనే కొట్టా!"

తల్లులు పిల్లల నోళ్లలో వేళ్లు పెట్టి కక్కించబోయారు. అంతదాకా గుండ్రాయిలా ఉన్న తాత కళ్లు తేలేశాడు. "నాకు చీకట్లు కమ్మతన్నయిరా!" ఎవరో ఉప్పునీళ్లు తాగించారు. ఎవరో రిక్షా తెచ్చారు. తాతను నేనే ఎత్తి కూర్చోబెట్టాను. ముసలాయన పోతే? పిల్లల్లో ఎవరికన్నా ఏమన్నా అయితే?

అప్పుడే ఎదురింట్లో నుంచి నెయ్యిగిన్నెతో మస్తానమ్మ వచ్చింది. వండింది ఆమే. ఏడుపులు విని, సంగతి తెలుసుకుని, నా వంక చూసింది.

"ఏ ఆకుకు కొట్టావు బాబాయ్? పేను ముదరకముందే కోద్దామని నిన్న పొద్దుగూకే వేళ ఆకంతా నేనే దూసి, తడిగుడ్డలో చుట్టి ఇంట్లో పెట్టుకున్నా గదా!"

పాతికమందీ పాదు వైపు తిరిగారు. ఒక్క ఆకు లేదు. మొండి కాడలు వరసగా నిలబడి మందు కంపు కొడుతున్నాయి.

రిక్షాలో తాత లేచి కూర్చున్నాడు. "అయితే ఇంకో ముద్ద పెట్టమ్మా."

"ఏముంది పెట్టడానికి? బాబాయ్ తన్నాడుగా!"

ఆ పూట ఐదిళ్లూ పచ్చడి మెతుకులు తిన్నాయి. నేను ఒక్కణ్ణే కాడలన్నీ పీకి, మందు పడ్డ మట్టంతా ఎత్తిపోసి, కొత్త మట్టి నింపాను. స్ప్రేయరు మా ఆవిడ అటకెక్కించింది.

మిగతాదంతా కాస్త పెంచి చెప్పి ఉండొచ్చు. కానీ ఆకు లేని కాడలకు స్ప్రేయరు నిండా మందు కొట్టిన మొనగాడు పల్నాడంతా గాలించినా ఇంకొకడు దొరకడు. అందులో మాత్రం ఒక్క మాట కల్పించలేదు. కావాలంటే అడగండి, ఎదురింటి మస్తానమ్మను.