నవాబుగారి వజీఫా

హజీరా ఫ్యాక్టరీలో ఉద్యోగం ముగిశాక పక్కనున్న సూరత్‌లోనే ఉండిపోయాను. పొద్దున డైరీ రాయడం, సాయంత్రం తాపీ నది ఒడ్డున నడక. ఆ నడకలోనే మౌల్వీసాబ్ పరిచయమయ్యారు. పాత ఊళ్ళో ఒక మదరసాకు ఆయన పెద్ద. నాకు ఉర్దూ చదవడం వచ్చనీ, రోజూ ఏదో ఒకటి రాస్తాననీ తెలిశాక నన్ను వదల్లేదు.

"ఇంజనీర్‌సాబ్, మా మదరసా చరిత్ర కాస్త వరుసలో పెట్టండి. నేను తప్పుకునేలోగా గేటు మీద రాయి పెట్టించాలి," అన్నారు. మా మాటలన్నీ హిందీలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

చరిత్రంతా నోటిమాటే. అందులో ఒక్క వాక్యం మాత్రం మదరసాలో అందరికీ కంఠస్థం: "నవాబుసాబ్ మన మదరసాకు వజీఫా ఇచ్చారు." ఆయన పక్క సంస్థానపు నవాబు. మదరసా మొదటి ఉస్తాద్, అంటే గురువు, మౌల్వీసాబ్ తాతగారు.

మా తెలంగాణలో పాతకాలం వాళ్ళకి వజీఫా అంటే పింఛను. మా నాన్న సర్కారు కచేరీ ఉద్యోగం నుంచి దిగాక దాంతోనే బతికారు. అంచేత నేను ఏ సందేహమూ లేకుండా, మదరసా తెరవగానే మొదటి ఉస్తాద్‌కు నవాబు పింఛను మంజూరు చేశారని రాశాను.

అది చదివి వినిపిస్తే మౌల్వీసాబ్ కళ్ళజోడు తీశారు. "తెరిచిన రోజే మా తాతను ఇంటికి పంపించేశారా? పాఠం అంత అధ్వానంగా చెప్పేవాడా?"

ఆయన లెక్కలో వజీఫా అంటే దర్బారు నుంచి నెలనెలా వచ్చే సాయం. సరేనని దిద్దుతున్నాను. ఇంతలో ఆయన బావమరిది వచ్చాడు. బట్టల వ్యాపారి, మదరసా కమిటీ కార్యదర్శి.

"బావా, రాయి మీద అబద్ధం ఎక్కించకు. రోజూ జపించుకోమని పీరుసాబులు ఇచ్చేదీ వజీఫాయే. ఆ నవాబు చేతిలోంచి రూపాయి రాలడం ఎవరైనా చూశారా? ఈ దువా చదువుకోండని చెప్పి బగ్గీ ఎక్కి వెళ్ళిపోయుంటాడు!"

నిజమే, ఆ మాటకు ఆ అర్థమూ ఉంది. మౌల్వీసాబ్ ముఖం చిన్నబోయింది. మాది దర్బారు అండతో నిలిచిన మదరసా అని జీవితమంతా చెప్పుకున్న మనిషి.

"మరి పిల్లలకు తిండెక్కడిది?" అన్నారు.

"మా తాత పిండి దుకాణం నుంచి!" బావమరిది ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు.

"అదీ సంగతి! నవాబును దింపి మీ తాతను గేటెక్కించాలని!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను కలం మూతపెట్టి, ఖాళీ కప్పులో చాయ్ తాగాను.

లోపలి పరదా వెనక నుంచి మౌల్వీసాబ్ బేగం, అంటే కార్యదర్శి అక్కగారు, అందుకున్నారు. "తాతల పంచాయితీ అయిందా? పిండి దుకాణంలోనే ఉంటే పిల్లల కడుపులోకి ఎట్లా పోయింది? రొట్టెలు చేసింది మన దాదీ, ఆ తాత భార్యే. ఈ గల్లీ ఆడవాళ్ళంతా వంతులేసుకుని చేశారు."

"నిజమే అక్కా, కానీ చరిత్ర అంటే..."

"చరిత్ర సరే. పిండిలో నీళ్ళెక్కువైతే ఏం చెయ్యాలో చెప్పు."

కార్యదర్శి నా వైపు చూశాడు. నాకూ తెలియదు.

మౌల్వీసాబ్ గడ్డం నిమురుకుంటూ చివరికి, "వజీఫా అన్న మాట అట్లాగే ఉంచండి. ఎవరికి తోచినట్టు వాళ్ళు చదువుకుంటారు. దాని కింద ఇంకో వరుస: ఈ గల్లీ ఆడవాళ్ళ రొట్టెలతో మదరసా నిలిచింది," అన్నారు. మధ్యలో 'పిండి' అన్న మాటైనా ఇరికించమని బావమరిది బతిమాలాడు. చోటు లేదన్నాడు రాయి చెక్కేవాడు.

నవాబు హోదాకు తగ్గట్టు రాయిని బాగా ఎత్తులో పెట్టించారు మౌల్వీసాబ్. గుడ్డ తీశాక అందరం తలెత్తి చూశాం. కరెంటు తీగలు, కేబులు తీగలు కలిసి సరిగ్గా పై వరుసకు అడ్డంగా వేలాడుతున్నాయి. నవాబు లేడు, వజీఫా లేదు. కింది వరుస మాత్రం వీధి చివరికి కూడా కనిపిస్తోంది.

"కాస్త కిందికి దింపిద్దామా?" మౌల్వీసాబ్ నీరసంగా అడిగారు.

"ఎందుకూ?" అన్నారు బేగం గుమ్మంలోంచి. "బాగానే కనిపిస్తోందిగా!"