దిమ్మలో రెండో గడ్డి

యాభైల చివర్లో ఒక ఎండాకాలం. నాగాయలంక దగ్గర కరకట్టకు మట్టి మోస్తున్న మార్తమ్మకు ఒక దిమ్మ మీద అనుమానం వచ్చింది. మట్టి తవ్విన గోతి నడుమ కొంచెం నేలను తవ్వకుండా దిమ్మలా వదిలేస్తారు. దాని ఎత్తే గోతి లోతు. కట్టకు ఎంత మట్టి పడిందో ఓవర్సీరు దాన్నిబట్టే రాసుకుంటాడు. చివరి కొలత అయ్యేదాకా దాన్ని తీయరు.

నిన్న తన నడుము దాకా ఉన్న దిమ్మ ఈరోజు రొమ్ముదాకా వచ్చింది. గొయ్యి మాత్రం నిన్నటిదే. అంటే కట్ట మీద పడని మట్టి కూడా లెక్కలోకి ఎక్కుతుంది.

“ఏం నాంచారయ్య బావా, దిమ్మలు కూడా పెరుగుతాయా?” అని మేస్త్రీని అడిగింది.

“ఎరువేశాంలే. తట్ట ఎత్తు.”

నవ్వి ఊరుకోవలసిన మాటే. కానీ పోయినేడు కట్ట ఎత్తు చాలకే వరద దాటింది. ఆ నీళ్లలోనే ఆమె భర్త ఇస్సాకు కొట్టుకుపోయాడు. మళ్లీ ఎత్తు తగ్గితే ఈసారి తమ పేటంతా మునుగుతుంది.

అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు పారతో దిమ్మ అంచు నిలువునా చెక్కింది. పైన గడ్డి. మూరెడు కింద, మట్టి మధ్యలో, అణిగిపోయి వాడిన ఇంకో గడ్డి! ఎవరో పాత గడ్డి మీద మట్టి పోసి, పైన కొత్త గడ్డి పెళ్లలు అంటించారు.

తను చెక్కిన మట్టిపెళ్లను తట్టలో పెట్టుకుని బందరు బస్సెక్కింది. కట్ట పని చూసే ఇంజనీరు ఆఫీసులో గుమాస్తా నవ్వాడు.

“మట్టి తెచ్చావేంటమ్మా?”

“మట్టి కాదండీ, అందులో గడ్డి చూడండి.”

“నేను గడ్డి తింటాననుకున్నావా?”

“అది మీకే తెలియాలండీ.”

బయటికి పొమ్మన్నాడు. రెండోసారి వెళితే దొరగారు క్యాంపులో ఉన్నారన్నారు. మూడోసారి బస్సు కుదుపులకు పెళ్ల పొడి అయిపోయింది. ఈలోగా నాంచారయ్య ఇంటికొచ్చాడు.

“ఆ ఊసు మానెయ్, మార్తా. కూలీలకు మంచినీళ్లు పోసే పనిస్తా. నీడపట్టున ఉంటావు.”

“ముందు కట్ట ఎత్తు చెప్పు బావా, నీడ సంగతి తర్వాత.”

మర్నాటి నుంచి పనిలోకి రానివ్వలేదు. చల్లపల్లిలో వడ్లు చెరిగే పనికి కుదిరి, చీకటిపడ్డాక దిమ్మ నుంచి చెక్కి తెచ్చిన కొత్త పెళ్లను తడిగుడ్డలో చుట్టుకుని మళ్లీ వెళ్లింది. అయిదోసారికి ఇంజనీరు ధనుంజయరావు గారు మెట్ల మీదే ఎదురయ్యారు.

“నాకు తెలియక అడుగుతున్నా బాబూ, భూమి లోపల కూడా గడ్డి మొలుస్తుందా?”

ఆయన పెళ్లను విరిచి చాలాసేపు చూశారు. వారం తిరక్కుండా వచ్చి ఒక్కో దిమ్మనూ చెక్కించారు. అన్నిటిలోనూ రెండో గడ్డి. ఓవర్సీరును పని నుంచి తప్పించి, కట్టను మళ్లీ ఎత్తించారు. ఆ పనికి మాత్రం మార్తమ్మను ఎవరూ పిలవలేదు.

శ్రావణంలో వరద వచ్చింది. కట్ట అంచుకు జానెడు కింద ఆగింది. చూడ్డానికి వచ్చిన నాంచారయ్య, “ఈ ఏడు నీళ్లు తక్కువేలే,” అన్నాడు.

“అవునా బావా?” అంది మార్తమ్మ. “దిగి చూసి చెప్పు.”