బంద్ రోజు జాబితా

2011లో మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను బీసీపీ చూసేవాణ్ణి. బిజినెస్ కంటిన్యుటీ ప్లాన్ అంటే ఊరు ఆగినా పని ఆగకుండా చేసే ఏర్పాటు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. బంద్ పిలుపు వస్తే, ముందు రోజు సాయంత్రమే ఆఫీసుకు వచ్చి బంద్ ముగిసేదాకా అక్కడే ఉండాల్సిన పన్నెండు మంది పేర్లు నేను తేల్చాలి.

ఎవరూ తప్పుపట్టకుండా ఎక్సెల్‌లో మార్కుల పద్ధతి పెట్టాను. చిన్నపిల్లలుంటే మూడు, ఇంట్లో జబ్బుమనిషి ఉంటే మూడు, పెళ్లయితే రెండు. తక్కువ మార్కులున్నవాళ్లు ముందు రావాలి. అందువల్ల ముప్పై దాటినా పెళ్లికానివాళ్లు ప్రతి బంద్‌కూ జాబితాలో పైనే ఉండేవాళ్లు. డేటాబేస్‌లు చూసే స్వర్ణలత వాళ్లలో మొదటి పేరు. ఆమెకు ముప్పై మూడు. నాకప్పుడు ఇరవై ఏడు.

ఒకసారి ఆమె నా సీటు దగ్గరికి వచ్చి, ఈ బంద్‌కు తన పేరు తీసేయమంది. కారణం అడిగితే చెప్పింది. హఫీజ్‌పేటలో ఆమె అన్న దగ్గర ఉంటుంది. ఆయన సిటీ బస్సు డ్రైవర్. బంద్ అయితేనే పగలు ఇంట్లో దొరుకుతాడు. మూడేళ్లుగా ఆమె పెళ్లాడాలనుకుంటున్న మురళి ఆ రోజు కూకట్‌పల్లి నుంచి నడిచైనా వచ్చి ఆయనతో మాట్లాడతాడు. మురళిది భీమవరం. అన్న ఉద్యమంలో తిరిగే మనిషి.

“కారణాల్లో పెళ్లిమాటలు లేవండీ. ఒకరికి తీస్తే అందరూ అడుగుతారు,” అన్నాను.

“లేకుంటే ఒక గడి పెంచు. ఎక్సెల్ నీదే గద.”

“వచ్చే బంద్‌కు చూద్దామండి. ఎలాగూ ఇంకోటి వస్తుందిగా.”

బంద్ ముందు రోజు ఆమె సాయంత్రానికి బ్యాగుతో వచ్చింది.

బంద్ రోజంతా ఆమె డేటాబేస్‌ల నుంచి ఒక్క అలర్ట్ కూడా రాలేదు. మధ్యాహ్నం దాకా ఫోన్ కీబోర్డు పక్కనే ఉంది. తర్వాత బ్యాగులోకి వెళ్లింది.

మర్నాడు క్యాబ్ కోసం నిలబడి తనే చెప్పింది. అన్నకు ముందే కబురు చెప్పి ఉండటంతో, ఆమె లేకపోయినా వాయిదా వేయకుండా మురళి ఒక్కడే వచ్చాడు. అన్న చాయ్ ఇచ్చి ఊరడిగాడు. మాట అక్కణ్ణుంచి నీళ్లకు, ఉద్యోగాలకు, హైదరాబాద్ ఎవరిదనేదాకా పోయింది. చాయ్ వదిలేసి మురళి లేచాడు.

“నేనుంటే పెండ్లి ముచ్చట జేస్తుండిరి. నేను లేకపోయేసరికి రాష్ట్రం ముచ్చట జేసిండ్రు,” అంది.

రెండు నెలల్లో మురళి చెన్నైకి బదిలీ చేయించుకున్నాడు.

నేను పేరు తీసేసి ఉంటే పెళ్లి జరిగేదని చెప్పలేను. ఆ ఇద్దరి మధ్యా ఉండాల్సిన మనిషిని ఉండనివ్వనిది మాత్రం నేనే. ఎవరికి ఇంట్లో ఎంత పనుందో మార్కులు వేసే అర్హత నాకు లేదని ఆలస్యంగా తెలిసింది. మార్కుల కోసం అందరూ నింపే ఫారంలో ‘సొంత పని, వివరం అక్కర్లేదు’ అనే గడి పెట్టాను. చాలామంది వాడుకున్నారు.

మురళి వెళ్లిపోయాక వచ్చిన బంద్‌కు స్వర్ణలత దగ్గరికి వెళ్లి ఆ గడి సంగతి చెప్పబోయాను. ఆమె స్క్రీన్ మీంచి కళ్లు తిప్పలేదు.

“నా పేరు రాసుకో. అడుగుడెందుకు? ఇగ నాకు ఇంట్ల పనేమున్నది.”