గ్రంథి తిమ్మక్క

మా అవ్వ తిమ్మక్క బడి మొహం చూడలేదు కానీ, బాగేపల్లిలో మా పెరటి వెనక ఒక బడి నడిపేది. పిల్లలందరికీ నాలుగు కాళ్ళు, ఒక తోక. చెనక్కాయ చేలకు కాపలా కుక్కలు కావాలంటే చుట్టుపక్కల రైతులంతా మా ఇంటికే వచ్చేవాళ్ళు. ఐదో క్లాసులో లెక్కలకు భయపడి బడి మానేసిన నాకు ఆ బడే నచ్చేది. అక్కడ లెక్కలు లేవు, రెండే పరీక్షలు.

కుక్కపిల్ల రాగానే అవ్వ తన చెయ్యి దాని ముక్కు ముందు పెట్టేది. ముక్కు ఎత్తి వాసన చూస్తే మొదటి పరీక్ష పాస్. మొద్దులాగా పడుకుంటే, "దీనికి మనిషే తెలీదు, దొంగ యాడ తెలుస్తాడు?" అని ఇంటికి పంపేది. తర్వాత ఇంట్లో వాళ్ళం, దూడ, కోళ్ళు వరుసగా దాని ముందు నుంచి నడవాలి. సొంతవాళ్ళను కరిచిందా, చింతామణిలో ఉన్న అవ్వ తమ్ముడు, మా నాయనలాగే నేనూ మామ అని పిలిచే పాపన్న చింతపండు గోడౌనుకు పోవలసిందే. అక్కడ బతుకంతా గొలుసే. రెండు పరీక్షలూ దాటి చేనికి పోయే కుక్కలు బాగా తక్కువ.

ఆ ఏడు బుడ్డోడు వచ్చాడు. చెనక్కాయంత ఉండేవాడని ఆ పేరు. మొదటి పరీక్షలో అవ్వ చెయ్యంతా నాకి పెట్టాడు. రెండో పరీక్షలో తాత పంచె చించాడు, నా పావడా లాగాడు, దూడ తోక పట్టుకుని వేలాడాడు. రాత్రి మాత్రం అవ్వ పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోయేవాడు.

"పాపన్న మామకు కబురు పంపినావా అవ్వా?" అని నేను రోజూ గిల్లేదాన్ని.

"బస్సులో రష్షంట, కబురు యాడ పంపేది?"

"నిన్నా అదే చెప్పినావు."

"నిన్న కూడా రష్షే, పోవే!"

ఎంత సాగదీసినా కబురు పోయింది. పాపన్న మామ రేపు వస్తాడనగా, బెంగళూరులో డాక్టరు చదువుతున్న మా చిన్నాయన మునినారాయణ సెలవులకు వచ్చాడు. రాత్రి సంగటి ముద్ద ముందు కూర్చుని తాతకు పాఠం మొదలుపెట్టాడు.

"నాయనా, తైమస్ అని ఒకటి ఉండాది. చిన్నప్పుడు పెద్దదిగా ఉంటాది, వయసయ్యేకొద్దీ ఎండిపోతాది. ఇన్నాళ్ళూ అది దండగనే అనుకున్నారు."

పొయ్యి దగ్గర అవ్వ చేతిలో నెయ్యిగిన్నె ఆగిపోయింది.

"ఎవర్రా ఎండిపోయింది? తిమ్మసు దండగా? నిన్ను కని, పెంచి, బెంగళూరుకు పంపింది ఈ తిమ్మసే!"

నెయ్యంతా తాత ముద్ద మీద పడింది. చిన్నాయన ముద్ద బోసిగా మిగిలింది.

"నిన్ను కాదమ్మా! అది గ్రంథి. రొమ్ము ఎముక వెనక, గుండెకు పైన ఉంటాది. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు అది తీసేసినారంట, చిన్న జబ్బులకే పడిపోయినాయంట. రక్తంలో కాపలా కాసే కణాలు ఎముకల మూలుగలో పుట్టి, ఆడికి పోయి చదువుకుంటాయి."

"చదువా? ఏం చదువు?"

"ఎవరు సొంతం, ఎవరు పరాయి అని. సొంత ఒంటినే కరిచే కణాలను ఆడనే చంపేస్తాదని కొందరి ఊహ."

అవ్వ అలక తీరింది. గిన్నె అంచున మిగిలిన నెయ్యి చిన్నాయన ముద్ద మీద విదిలించింది. అంతలోనే మొహం ముడుచుకుంది.

"సొంతోళ్ళను కరిస్తే ఇంగ దానికి దోవే లేదా మునీ?"

"లేదమ్మా. బయటికి వదిలితే ఒళ్ళే తినేస్తాది."

అవ్వ వంగి పాదం మీదున్న బుడ్డోడి గడ్డాన్ని నిమిరింది.

పొద్దున పాపన్న మామ బస్సు దిగి వచ్చాడు. ఎవరో ఇచ్చిన రైన్‌కోటు మడమల దాకా వేలాడుతోంది, చేతిలో గొలుసు గలగలమంటోంది. చదువు ముగించి చేనికి పోవడానికి సిద్ధంగా ఉన్న మా పెద్ద కుక్కలకు ఆ వేషం దొంగలాగే కనిపించింది. చుట్టూ కమ్ముకున్నాయి.

"అక్కా! నేను! పాపన్నను!"

అవ్వ అరిచినా అవి వినలేదు. అంతలో బుడ్డోడు కాళ్ళ సందులోంచి దూసుకొచ్చాడు. మామ పిక్క పోయిందనే అనుకున్నాం. వాడు మామ వైపే చూడలేదు. ఒక కుక్క చెవి కొరికాడు, ఇంకో దాని తోక లాగాడు, మూడోదాని మూతి మీదికి ఎగిరాడు. అవి బిత్తరపోయి, తోకలు దించి కొట్టంలోకి నడిచాయి. సొంతవాళ్ళను కరవడమే వాడి గుణం. ఆ పూట వాడికి సొంతవాళ్ళు కుక్కలే అయ్యాయి.

మామ గోడకు ఆనుకుని రొప్పుతూ, "ఇదేనా అక్కా సొంతోళ్ళను కరిచేది? దీన్నా నేను కట్టేసుకోవాల్సింది?" అన్నాడు.

"వీడు చేనికి పనికిరాడురా పాపన్నా, గొలుసుకూ పనికిరాడు. నా కుక్కలకు బుద్ధి చెప్పేటోడు ఒకడు కావాల కదా" అంది అవ్వ. మొహం పొంగిన రొట్టెలా వెలిగింది.

ఆ గొలుసు మా బావి బొక్కెనకు కట్టాం. బుడ్డోడు కొట్టానికి మేస్త్రీ అయ్యాడు. తాత పంచెలు మాత్రం చినుగుతూనే ఉండేవి.

ఆ గ్రంథిలో చదువుకున్న కణాలకు తర్వాత టీ కణాలని పేరొచ్చింది. ఆ టీ ఎవరి పేరులోదో మా ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు. ఏమీ గుర్తుపట్టలేని మొద్దు కణాలు కూడా అక్కడే రాలిపోతాయట. చాలా ఏళ్ళకు, జుట్టు నెరిసిన చిన్నాయన సంగటి ముద్ద ముందు కూర్చుని ఇంకో సంగతి చెప్పాడు. సొంత ఒంటినే కరవబోయే కణాల్లో కొన్నింటిని ఆ గ్రంథి చంపకుండా ఉంచుకుంటుందట, మిగతా కణాలు మితిమీరితే అణచడానికి.

"బుడ్డోళ్ళు!" అన్నాన్నేను.

అప్పటికి అవ్వ నిజంగానే ఎండి పుల్లయింది. మంచం మీంచే చెయ్యి చాపి, "నెయ్యిగిన్నె ఇట్లా తేవే. వాడి ముద్ద బోసిగా ఉండాది" అంది.