వడ్డీ లేని దుడ్లు

పోయిన వారం అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు నన్ను పిలిచి, వస్తువులు తయారుచేసే చిన్న కంపెనీలు పెట్టుబడి ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏవో చెప్పి కూర్చున్నాను. నా తర్వాత మాట్లాడిన కుర్రాయన తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి, వడ్డీ అడగని డబ్బు, వాటా అడగని డబ్బు దొరికితే అంతకన్నా చవకైన పెట్టుబడి లేదని చెప్పాడు, పిల్లలంతా రాసుకున్నారు. అటువంటి డబ్బు నేను ఒకసారి తీసుకున్నాను. ఆ సంగతి నేను చెప్పిన నాలుగు మాటల్లో లేదు కాబట్టి, కనీసం ఇక్కడైనా రాస్తున్నాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, సెల్‌ఫోన్లు పల్లెల్లోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, అనంతపురంలో మోటారు స్టార్టర్లు బాగుచేసే అంగట్లో పనికి కుదిరాను. ఆడపిల్ల స్టార్టరు విప్పుతుంటే చూడడానికే కొందరు వచ్చి నిలబడేవారు, వాళ్ల సంగతి వదిలేద్దాం. మా దగ్గరికి వచ్చే కాలిపోయిన మోటార్లన్నిటిదీ ఒకటే కథ, బోరులో నీళ్లు కిందికి పోయినా మోటారు ఉత్తగా తిరిగి తిరిగి మాడిపోవడం. అందుకని నేను ఒక పెట్టె తయారుచేశాను. బోరులోకి తీగ దించి పెడితే, నీళ్లు తగ్గగానే అది మోటారును ఆపేసి రైతు ఫోనుకు మెసేజీ పంపుతుంది. మొదటి పెట్టె శింగనమల దగ్గర మా చిన్నాయన చీనీతోటలో పెట్టాను. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. చీనీ అని మేమనేది బత్తాయినే. చిన్నాయనకు ఆ తోట తప్ప వేరే ఆధారం లేదు, పదేళ్లపాటు బిందెలతో, ట్యాంకర్లతో పెంచుకున్న చెట్లవి. మెసేజీ వచ్చినప్పుడల్లా ఫోను పట్టుకుని ఊరంతా తిరిగి, మా పాప చేసిన పెట్టె మాట్లాడతాండాది చూడండప్పా అని చూపించేవాడు.

సాఫ్ట్‌వేరు చేసేవాళ్లకు ఒక కంప్యూటరుంటే చాలు. మాకు మాత్రం ఒక్కటైనా అమ్మకముందే ఖర్చంతా అయిపోతుంది. సర్క్యూట్ బోర్డులు వందకు తక్కువైతే చెయ్యలేమన్నారు బెంగళూరువాళ్లు. ఎండకూ వానకూ తట్టుకునే ప్లాస్టిక్ డబ్బా కావాలంటే ముందు దానికి ఇనుప అచ్చు చేయించాలి, దాని ఖరీదు వింటే నాకు కళ్లు తిరిగాయి. బ్యాంకులో పొలం పత్రాలు అడిగారు. బెంగళూరులో ఒక పెద్దమనిషి కాఫీ ఇప్పించి, ఓపికగా అంతా విని, ఇనుము మీదా ప్లాస్టిక్ మీదా మేము డబ్బు పెట్టమమ్మా అని పంపించేశాడు. చివరికి చిన్నాయనే చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, కొందరు రైతుల చేత ముందుగానే డబ్బు కట్టించాడు. ఆ డబ్బుతో బోర్డులు వచ్చాయి గానీ అచ్చు అట్లే ఉండిపోయింది.

అప్పుడు వచ్చాడు బోరుబండ్ల ఆసామి. బోర్లు వేసే లారీలు నాలుగు ఉండేవి ఆయనకు. చాలా మెత్తని మనిషి, టీ తాగితే గ్లాసు తానే కడిగి పెట్టేవాడు. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, అచ్చుకు ఎంతవుతుందో అడిగి, తానే ఇస్తానన్నాడు. "వడ్డీ వద్దు పాపా, వాటా వద్దు. రైతుకు పోయే మెసేజీ నా ఫోనుకూ వచ్చేటట్టు చెయ్యి, సాలు. నా బండ్లు ఉత్తగా తిరక్కుండా ఉంటాయి." ఏదీ దాచలేదు ఆయన. దాచింది నేను. ప్రోగ్రాములో ఒక నంబరు చేర్చడం ఐదు నిమిషాల పని. ఈ మాట రైతులకు చెప్పాలి కదా అనిపించింది, చెబితే వద్దంటారేమోనని భయమేసి ఊరుకున్నాను. కొత్త డబ్బాలు రాగానే అందరికన్నా ముందు చిన్నాయన పాత పెట్టె తీసేసి కొత్తది బిగించాను.

ఆ ఎండాకాలం వచ్చింది. బత్తలపల్లె దిక్కు ఒక రైతు అంగడికి వచ్చి, మెసేజీ వచ్చిన తెల్లారే బోరుబండి గట్టు మీదికి వచ్చి నిలబడిందనీ, దేవుడే పంపినట్టుందనీ సంబరంగా చెప్పాడు. ఆసామి దుడ్లు ఇప్పుడే వద్దు, నీళ్లు పడినాకనే ఇద్దువులే అనేవాడట. నీళ్లు పడకపోతే బోరు ఖర్చు కింద పొలం పోతుందన్నది కాగితం మీద సంతకం పెట్టాక తెలిసేది. ఒకరి చేనులో బండి మోగితే పక్క చేను మనిషికి కాలు నిలవదు, అతనూ వేయించేవాడు. వాటితో పాత బోర్లలో నీళ్లు ఇంకా కిందికి పోయేవి, నా పెట్టెలు ఇంకొన్ని మెసేజీలు పంపేవి. పెట్టె పనితీరు చూసుకోవడానికి అవన్నీ నా ఫోనుకు కూడా వచ్చేవి కాబట్టి, రేపు ఆ బండి ఏ ఊళ్లో ఆగుతుందో నాకు ముందే తెలిసిపోయేది. ఫోను మోగితే చాలు, చేతిలో పని వదిలేసి ఏ ఊరో చూసేదాన్ని.

చిన్నాయన పెట్టెలో నుంచి ఆసామి నంబరు తీసేయాలని చాలాసార్లు అనుకున్నాను. తోటకు పోయి పెట్టె విప్పితే అయిపోయే పని. కానీ అచ్చు చేసినవాళ్లకు ఇంకా కట్టాల్సిన రెండో విడత డబ్బు ఆసామి దగ్గరే ఉంది, ఒక బోరు మెసేజీ రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతాడు. వచ్చే ఆదివారం పోదామనుకున్నాను. అట్లా మూడు ఆదివారాలు గడిచాయి.

ఒక రోజు రాత్రి పొయ్యి దగ్గర ఉండగా చిన్నాయన బోరు మెసేజీ వచ్చింది. ఫోను చేస్తే ఎత్తలేదు. తెల్లారి బస్సెక్కి పోయేసరికి, రోడ్డు మీది నుంచే చీనీచెట్ల పైన తెల్లటి దుమ్ము లేస్తూ కనిపించింది. చిన్నాయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని నిలబడి, నన్ను చూసి నవ్వాడు. "నేను పిలవకముందే వచ్చినారు పాపా. అంతా నీ పెట్టె పుణ్యం." ఆసామి లేచి తన కుర్చీ నాకు వేశాడు. నేను అప్పుడైనా నోరు విప్పి ఉండవచ్చు. చిన్నమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, ఒకవేళ నీళ్లు పడతాయేమో, పడితే ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేదు కదా అని ఆశపడుతూ కూర్చున్నాను. సాయంత్రం దాకా దుమ్మే వచ్చింది గానీ నీళ్లు పడలేదు. తర్వాతి వారం ఇంకో బోరు, ఆ తర్వాత మూడోది. ఆ మూడు బోర్ల కింద తోటలో సగం ఆసామికి పోయింది, మిగిలిన సగంలో చెట్లు నిలువునా ఎండిపోతే కట్టెలకు అమ్మేశారు.

చెట్లు కొడుతున్న రోజే చిన్నాయనకు అంతా చెప్పాను. "పెట్టె బిగించేటప్పుడే తెలుసునా నీకు?" అని అడిగాడు. తెలుసన్నాను. ఇంట్లోకి తిరిగి చిన్నమ్మతో, పాపకు అన్నం పెట్టు, బస్సుకు టైమయ్యింది అన్నాడు. నేను ఊరూరా తిరిగి పెట్టెలన్నిటిలోనూ ఆ నంబరు తీసేసి, అచ్చు ఆసామికే అప్పజెప్పి, ఆ పని మానేశాను. ఆయన ఆ అచ్చుతో వేరేవాళ్ల చేత పెట్టెలు చేయించుకున్నాడని తర్వాత విన్నాను.

ఆ రోజుల్లో మా వైపు టీ అంగడి దగ్గర ఎవరు ఎదురుపడ్డా, నీ బోరులో ఎన్ని ఇంచుల నీళ్లప్పా అని అడిగేవారు, ఒంట్లో ఎట్లుందని అడిగినంత మామూలుగా. అడిగినవాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పేవారు. ఇప్పుడు అడిగితే ఎందుకు అడుగుతున్నావన్నట్టు చూస్తారు. పెట్టెలు మాత్రం బోరుబండ్లవాళ్లు ఉచితంగానే ఇచ్చిపోతున్నారట, ఆ మెసేజీలు ఇంకెవరెవరికి పోతాయని అడిగేవాళ్లు నాకు తగల్లేదు. చిన్నాయన నాతో మాట మానలేదు, పండక్కి పిలవడం మానలేదు. నేను గడప దాటి లోపలికి రాగానే మాత్రం, మంచం మీదున్న ఫోను తీసి జేబులో వేసుకుంటాడు.