ఐదో రోజు లెక్క

ఆ రోజుల్లో పుంగనూరు నుంచి మదనపల్లెకు పొద్దున బస్సులో వెళ్తుంటే లోకమంతా సగం నిద్రలో ఉన్నట్టుండేది. మంచులో చింతచెట్లు ఒక్కొక్కటే బయటపడి మళ్ళీ మాయమయ్యేవి. కాలేజీలో ఇచ్చిన ఇంటిలెక్కలు బస్సులో చేద్దామని పుస్తకం ఒళ్ళో పెట్టుకునేదాన్ని. దిగేటప్పుడు కూడా కొన్నిసార్లు అదే పేజీ తెరిచి ఉండేది. (చేసిన రోజు, చెయ్యని రోజు డైరీలో రాసుకునేదాన్ని. రాయడంలో మాత్రం ఒక్కరోజూ బద్ధకించలేదు.) అది 1978, ఇంటర్ రెండో సంవత్సరం.

మా లెక్కల మాస్టారిది కుప్పం, అందుకని ఆయన అందరికీ కుప్పం సారు. క్లాసులో నలభై మందిమి. రోజూ బిస్కెట్ డబ్బాలోంచి నాలుగు చీటీలు తీసి, పేర్లు చదివి నలుగురిని బోర్డు దగ్గరికి పిలిచేవారు. గంట అయ్యాక చీటీలు మళ్ళీ డబ్బాలోకే. నాలుగోసారి కూడా నేను సుద్దముక్క పట్టుకుని గుడ్లప్పగించి నిలబడేసరికి, సారు మా నాయనను పిలిపించారు. నాయన ఆయనకు దండం పెట్టి వచ్చేశాడు. బస్టాండులో మాత్రం, "ఇంగొక్క మాట నా చెవిన పడితే సదువు సాలు. ఇంట్లో ఉండు" అన్నాడు. ఆయన అన్నాడంటే అన్నట్టే.

పక్కన కూర్చునే గాజులంగడి వాళ్ళమ్మాయి నన్ను ఓదార్చింది. "యాల ఏడస్తావే? చీటీకేమన్నా కండ్లుండాయా? అంతా నీ నసీబు."

నసీబు, తలరాత అని సరిపెట్టుకునే మనిషిని కాదు. ఆ వారమే సంభావ్యత పాఠం మొదలైంది. డైరీ తీశాను. సారు నన్ను పిలిచిన రోజులూ అందులో ఉన్నాయి. మొత్తం ఇరవై రోజులు. నన్ను పిలిచింది నాలుగు రోజులు, అంటే ఐదింట ఒకటి (న్యాయంగా పదింట ఒకటే రావాలి, సరే, అంతవరకు నసీబే అనుకుందాం). లెక్కలు చెయ్యనివి ఐదు రోజులు. పిలవడానికీ, నేను చెయ్యకపోవడానికీ సంబంధం లేకపోతే, అంటే రెండూ స్వతంత్ర ఘటనలైతే, చెయ్యని రోజుల్లో కూడా ఐదింట ఒకసారే పిలవాలి. కానీ ఆ ఐదింట్లో నాలుగుసార్లు పిలిచారు! చేసిన పదిహేను రోజుల్లో ఒక్కసారీ లేదు.

మర్నాడు సారు స్వతంత్ర ఘటనలకు ఉదాహరణ అడగ్గానే లేచి బోర్డు నిండా ఇదంతా రాశాను. "ఇవి స్వతంత్రం కావు సార్. నేను లెక్క చెయ్యనిది చీటీకి తెలుస్తాండాది" అన్నాను. సారు డబ్బా మూత తీసి నా చేతికిచ్చారు. ఒక్క చీటీ మీదా అక్షరం లేదు!

"చీటీ ఇప్పేటప్పుడు మీ మొగాలు సూస్తానమ్మా. ఎవురు తల దించుకుంటే వాళ్ళ పేరే" అని నవ్వారు. నేను గెలిచానని సంబరపడేలోగా మళ్ళీ బోర్డు వైపు తిరిగారు. "లెక్క సరిగ్గా ఉండాది. అయితే నాకు దొరికింది నాలుగు రోజులే కదా. ఈ ఐదోది యాడిదమ్మా?"

"యా అల్లా, అది కూడా రాస్తివా!" అని గాజులంగడి అమ్మాయి నెత్తి కొట్టుకుంది.

"ఆ పొద్దు కిటికీలోంచి మబ్బులు సూస్తా ఉంటి సార్. తల దించుకోవాలని తోచలా" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాయనకు సెప్పొద్దండి సార్."

సారు డస్టరు నా చేతికిచ్చారు. "సెప్పనులే. తుడిచెయ్. మీ నాయనకు ఈ లెక్కలు రావు, బతికిపోతివి."

నాయనకు ఆ సంగతి చివరిదాకా తెలియలేదు. నా చదువూ ఆగలేదు. ఈ మధ్య పాత డైరీ దొరికితే ఆ లెక్క మళ్ళీ వేశాను. ఆ ఐదో రోజును చేసిన రోజుల్లో కలిపేసి ఉంటే, చెయ్యనివి నాలుగు, పిలిచినవి నాలుగు. సంభావ్యత సరిగ్గా ఒకటి. నా తప్పు తగ్గేది, నా రుజువూ బలపడేది. ఆ పిల్లకు అప్పుడు ఆ ఊహే రాలేదు. ఈ ముసలిదానికి వచ్చింది గానీ, పెన్ను తీసి దిద్దడానికి మాత్రం చెయ్యి రాలేదు.